మూడేళ్ళ మాట ఇవ్వండి: కాలిఫోర్నియాలో ద్రాక్షతోటలున్న తెలుగు యజమానులకు బహిరంగ లేఖ

అన్నలకు, అక్కలకు నమస్కారం.

బే ఏరియాలో ఉద్యోగాలో కంపెనీలో చూసుకుంటూ, పాసో రోబుల్స్‌లోనో లోడైలోనో సొనోమాలోనో వైన్ ద్రాక్షతోట కొన్నవాళ్ళు మీరు. సొంతంగా కొన్నవాళ్ళున్నారు, నలుగురు స్నేహితులు కలిసి ఎల్ఎల్‌సీ అనే ఉమ్మడి కంపెనీ పెట్టి కొన్నవాళ్ళున్నారు. నేను పాసో రోబుల్స్ చుట్టుపక్కల తోటలకు నేల, నీటి విషయాల్లో సలహాలిచ్చే పని చేస్తాను. మీలో కొందరి తోటలు నాకు బాగా తెలుసు. ఎవరి పేరూ ఎత్తను. అందరికీ చెప్పాల్సింది ఒకటే కాబట్టి ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

ఈ గడ్డుకాలంలో నేల మీద పెట్టే ఖర్చుకు కోత పెట్టకండి. కనీసం మూడేళ్ళపాటు ఆ ఖర్చు ముట్టుకోనని మీ తోట మేనేజరుకు కాగితం మీద రాసివ్వండి. నేను అడిగేది ఇదే.

గడ్డుకాలమని ఊరికే అనడం లేదు. 2024లో కాలిఫోర్నియాలో క్రష్ అయిన, అంటే వైన్ కోసం వైనరీల్లో నలిపిన, ద్రాక్ష సుమారు 28 లక్షల టన్నులు. అప్పటికి ఇరవై ఏళ్ళలో అంత తక్కువ లేదు. అందులో ఎండల పాత్ర కొంత ఉన్నా, కొనేవాళ్ళు లేక తీగల మీదే వదిలేసిన పండు కూడా చాలా ఉంది. వైన్ తాగడం తగ్గింది, ట్యాంకుల్లో పాత సరుకు మిగిలిపోయింది, గడువు తీరిన కాంట్రాక్టులను వైనరీలు మళ్ళీ రాయడం లేదు. ఇలాంటప్పుడు యజమాని స్ప్రెడ్‌షీటు తెరిచి ఏ ఖర్చు తీసేయొచ్చా అని వెతుకుతాడు. అది సహజమే. కత్తిరింపులు ఆపలేం, మోటారు కరెంటు బిల్లు ఆపలేం, బూడిద తెగులుకు గంధకం కొట్టక తప్పదు. చివరికి కళ్ళు పడేది కవర్ క్రాప్ (సాళ్ళ మధ్య నేలను కప్పి ఉంచడానికి చల్లే పైరు) విత్తనాల మీద, కంపోస్టు మీద, గొర్రెల కాపరికిచ్చే డబ్బు మీద. "ఈ ఒక్క ఏడాదికి ఆపుదాం" అంటారు. ఈ మాట చాలా మీటింగుల్లో విన్నాను. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఆ ఒక్క ఏడాదిలో ఏం పోతుందో ఆ గదిలో ఉన్న ఎవరికీ కనిపించదు కాబట్టి.

ఈసారి తోటకు వెళ్ళినప్పుడు నేరుగా సాళ్ళలోకి నడవండి. తీగల మొదళ్ళ కింద మూడు నాలుగు అడుగుల వెడల్పున గడ్డి పరకన్నది లేకుండా బోసిగా ఒక పట్టీ కనిపిస్తుంది. ఏటా గ్లైఫోసేటో, గ్లుఫోసినేటో, మరో గడ్డి మందో కొట్టగా కొట్టగా తయారైన పట్టీ అది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. తోట అమ్మేటప్పుడు ఏజెంటు మురిపెంగా చూపించేది కూడా దాన్నే. అక్కడ పారతో ఒక పెళ్ళ తీయండి. సాళ్ళ మధ్యలో గడ్డి వేళ్ళున్నచోట ఇంకో పెళ్ళ తీయండి. రెండిటినీ బాగా ఆరనిచ్చి, రెండు గాజు గ్లాసుల నిండా నీళ్ళు పోసి వాటిలోకి మెల్లగా వదలండి. గడ్డి మందు పట్టీలోంచి తీసిన పెళ్ళ చాలా తోటల్లో నిమిషాల్లోనే విచ్చిపోతుంది. నీళ్ళన్నీ మడ్డిగా మారి, గ్లాసు అడుగున బురద పేరుకుంటుంది. వేళ్ళున్న పెళ్ళ మాత్రం అలాగే నిలబడుతుంది. దాని పక్కల నుంచి సన్నగా గాలి బుడగలు వస్తాయి, నీళ్ళు తేటగానే ఉంటాయి.

బతికున్న వేళ్ళ నుంచి చక్కెరలు మట్టిలోకి ఊరతాయి. వాటిని తిని బతికే శిలీంధ్రాలు, బాక్టీరియా ఒక రకం జిగురు పుట్టించి మట్టి రేణువులను అంటిపెట్టి ఉంచుతాయి. ఆ జిగురు లేని నేలకు మొదటి నాలుగు చినుకులకే పైన పెంకు కడుతుంది. మిగతా వాన లోపలికి దిగకుండా వాలు వెంట పోతుంది, పైమట్టిని కూడా తీసుకుపోతుంది. మన తోటలున్న చోట ఏడాది వానంతా దాదాపు చలికాలంలోనే పడుతుంది. అప్పుడు నేల తాగని నీటిని జులైలో బోరు నుంచి తోడిపోయాల్సింది మీరే. కవర్ క్రాప్ విత్తనాలకు పెట్టే ఖర్చును నేను నీటి ఖర్చు కిందే రాస్తాను. మీరూ ఆ ఖాతాలోనే రాసుకోండి, అప్పుడు దాన్ని కొట్టేయడానికి చేయి రాదు.

ఇదంతా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ జరిగే పనేనా అంటే, పాసోలోనే టాబ్లాస్ క్రీక్ ఉంది. ఫ్రాన్సులో షాటో ద బోకాస్తెల్ అనే వైనరీ నడిపే పెర్రిన్ కుటుంబం, అమెరికాలో వైన్ దిగుమతి చేసే రాబర్ట్ హాస్ కలిసి 1989లో మొదలుపెట్టిన తోట అది. 2003లో ఆర్గానిక్ ధ్రువీకరణ తెచ్చుకున్నారు, 2017లో బయోడైనమిక్ (తోటనంతా ఒకే జీవిగా చూసే పద్ధతి), 2020లో రీజెనరేటివ్ ఆర్గానిక్ సర్టిఫైడ్ (నేలను తిరిగి బాగుచేసే ఆర్గానిక్ సాగు). ఆ చివరి ధ్రువీకరణ పొందిన మొదటి ద్రాక్షతోట ప్రపంచంలో అదే. ఈ సంవత్సరాలు ఎందుకు చెబుతున్నానంటే, ఒక్కో మెట్టుకు ఎంత కాలం పట్టిందో చూడమని. మధ్యలో 2008 మాంద్యం వచ్చింది, 2012 నుంచి ఏళ్ళ తరబడి కరవు వచ్చింది. ఆ ఏళ్ళలో వాళ్ళు వెనక్కి తగ్గలేదు. సొంత గొర్రెల మందను పెంచుకున్నారు. డ్రిప్పు వేయకుండా, మొక్కకూ మొక్కకూ దూరం పెంచి, వానమీదే పండే బ్లాకులు, అంటే తోటలో విడి ముక్కలు, నాటారు. పరిశ్రమలో లీడర్లు ఎవరని నన్నడిగితే అవార్డు ఫంక్షన్లలో మాట్లాడేవాళ్ళ పేర్లు చెప్పను, చెడ్డ ఏడాదిలో నేల ఖర్చు లైను కొట్టేయని యజమానుల పేర్లు చెబుతాను.

గొర్రెల మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. తోటలో గొర్రెలు తిరగడం మీలో కొందరికి ఇన్‌స్టాగ్రాం ఫొటోలా అనిపిస్తోందని నాకు తెలుసు. కానీ మన రాయలసీమలో, తెలంగాణలో పంట కోశాక పొలంలో మంద కట్టించుకోవడం తాతల నాటి పని. గొర్రెలు రాత్రంతా పొలంలో పడుకున్నందుకు కాపరికి గింజలో డబ్బులో ఇచ్చేవాళ్ళు. ఇక్కడ జరిగేదీ అదే. ద్రాక్ష కోతలయ్యాక అక్టోబరు, నవంబరు నెలల్లో మందను దించితే మార్చిలో చిగురు వేసేలోపు గడ్డి తింటాయి, ఎరువు వేస్తాయి, గడ్డి కోసే ట్రాక్టరు తిరుగుళ్ళు కొన్ని తప్పుతాయి. ట్రాక్టరు తిరిగినకొద్దీ నేల గట్టిపడుతుంది, కాబట్టి లాభం డీజిలుతో ఆగదు. చిగురు వేశాక మాత్రం బయటికి తోలేయాల్సిందే, లేదంటే ఆ ఏడాది పంట వాటి కడుపులోకే పోతుంది. ఇంకో జాగ్రత్త: గొర్రెకు రాగి విషం. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమమో, మరో రాగి మందో కొట్టిన తోటలోకి వెంటనే మందను వదిలితే జీవాలు చచ్చిపోవచ్చు. కాపరిని పిలిచే ముందు ఏం కొట్టారో, ఎప్పుడు కొట్టారో రాసి చేతికివ్వండి. ఈ కాగితం అడిగే కాపరి దొరికితే అతన్ని వదులుకోకండి.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం గురించి వినే ఉంటారు. దానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ వారి మానవతా పురస్కారం వచ్చింది, మరో ఇద్దరితో కలిపి. ఆ రైతులు పట్టుకున్న సూత్రం ఏడాది పొడవునా, 365 రోజులూ, నేల మీద పచ్చదనం ఉండాలని. అనంతపురం లాంటి కరవు జిల్లాలో కూడా తొలకరికి ముందే, పొడి నేలలో, విత్తనాలను గుళికలు చేసి చల్లుతున్నారు. నవధాన్యాలని పప్పుజాతి, చిరుధాన్యాలు, నూనెగింజలు, ఆకుకూరలు అన్నీ కలిపి వేస్తారు. మనం ఇక్కడ బెల్ బీన్స్, బఠాణీ, వెచ్, ఓట్స్, ముల్లంగి కలిపి చల్లే మిశ్రమం వెనకున్న ఆలోచనా అదే. పప్పుజాతి నత్రజని పడుతుంది, గడ్డిజాతి వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి, ముల్లంగి దుంప గట్టిపొరను చీలుస్తుంది. రెండెకరాల రైతు, పెట్టుబడికి వెతుక్కునే రైతు, ఈ పని చేస్తున్నాడు. ఎనభై ఎకరాల తోట, టెక్ జీతం ఉన్నవాళ్ళం మనకు కుదరదంటే నమ్మడం కష్టం.

కుదురుతుంది గానీ ఊరికే కుదరదు. ఖర్చు దాచి ఈ లేఖ రాస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. గడ్డి మందు ఆపితే మొదళ్ళ కింద గడ్డి తీయడానికి ప్రత్యేక పనిముట్టు కావాలి. ట్రాక్టరు నెమ్మదిగా, ఎక్కువసార్లు తిరగాలి. ఆ లెక్కలో మందే చవక, అందులో వాదన లేదు. దున్నడం మానేసిన మొదటి రెండు మూడేళ్ళలో తీగల జోరు తగ్గొచ్చు, పంటా కొంత తగ్గొచ్చు, ఎందుకంటే నీటికి, నత్రజనికి పోటీ పెరుగుతుంది. పొడి ఏడాదిలో కవర్ క్రాప్‌ను ఆలస్యంగా కోస్తే తీగకు అందాల్సిన తేమ అది తాగేస్తుంది. ఏప్రిల్‌లో మంచు పడే పల్లపు బ్లాకుల్లో గడ్డి ఏపుగా ఉంటే చలి దెబ్బ ఎక్కువ తగులుతుంది, అక్కడ ముందే పొట్టిగా కోయాలి. అందుకే తోటంతా ఒకేసారి మార్చమని ఎవరికీ చెప్పను. సాలు విడిచి సాలు, బ్లాకు తర్వాత బ్లాకు, నేలను చూసుకుంటూ వెళ్ళాలి. ఈ పనికి మూడేళ్ళు ఎందుకు అడుగుతున్నానో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. మొదటి ఏడాది ఖర్చే కనిపిస్తుంది. రెండో ఏడాది అనుమానం వస్తుంది. ఎక్కువమంది అక్కడే ఆపేస్తారు, అంటే పెట్టిన ఖర్చంతా పెట్టి, ఫలితం రాకముందే వదిలేస్తారు.

అలా వదిలేసిన ఒక తోట నాకు తెలుసు. మేనేజరు ఇరవై ఏళ్ళు అనుభవమున్న మనిషి, తోటలో పుట్టి పెరిగినవాడు. రెండో ఏడాది ఒక బ్లాకులో దిగుబడి తగ్గగానే యజమానుల గ్రూప్ కాల్‌లో అతన్ని నిలదీశారు. మార్పు చేయమని ఆదేశం ఇచ్చింది యజమానులే, సంజాయిషీ మాత్రం అతను ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత నెలకే పట్టీల మీద మళ్ళీ మందు కొట్టించాడు. నేనడిగితే, "నాకు పిల్లలున్నారు" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. మార్పు మనకు కావాలి, రిస్కు మాత్రం జీతగాడు మోయాలి అంటే ఏ తోటా బాగుపడదు. అతని బోనస్ టన్నుల మీద కట్టి, నేల బాగు గురించి ఉపన్యాసం ఇస్తే అతను టన్నులే చూస్తాడు. బోనస్‌లో సగమైనా మట్టి పరీక్ష, నీటి వాడకం, కూలీలు ఏటా తిరిగి వస్తున్నారా లేదా, వీటి మీద పెట్టండి. దిగుబడి తగ్గితే ఆ నష్టం మాదేనని ముందే రాసివ్వండి.

కూలీల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన సమావేశాల్లో అతి తక్కువగా వచ్చే మాట ఇదే. రోడేల్ ఇన్‌స్టిట్యూట్, బట్టల కంపెనీ పాటగోనియా, సబ్బుల కంపెనీ డాక్టర్ బ్రోనర్స్ కలిసి 2017లో రీజెనరేటివ్ ఆర్గానిక్ ప్రమాణాలు రాసినప్పుడు మూడు స్తంభాలు పెట్టారు: నేల, జీవాలు, పనిచేసే మనుషులు. మూడోది లేకుండా ఆ ధ్రువీకరణ రాదు. మన వాళ్ళలో చాలామంది మొదటి రెండే పట్టుకుని మూడోది లేబర్ కాంట్రాక్టరుకు వదిలేస్తున్నారు.

2008 మేలో స్టాక్టన్ దగ్గరి ఒక ద్రాక్షతోటలో పదిహేడేళ్ళ గర్భిణి ఎండదెబ్బకు కుప్పకూలి, రెండు రోజులకు ఆసుపత్రిలో చనిపోయింది. ఎండలో పనిచేసేవాళ్ళకు నీడ, నీళ్ళు ఇవ్వాలన్న చట్టం అప్పటికే ఈ రాష్ట్రంలో ఉంది. 2005లోనే వచ్చింది. ఇప్పుడు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే నీడ ఏర్పాటు చేయాలి, మనిషికి గంటకు ఒక క్వార్టు (లీటరుకు కాస్త తక్కువ) చొప్పున చల్లటి నీళ్ళుండాలి. 95 దాటితే రెండు గంటలకోసారి పది నిమిషాల విరామం తప్పనిసరి. మీ తోటలో నీడ టెంటు సాళ్ళ చివర నిజంగా వేస్తున్నారా, లేక ట్రక్కులో మడిచి ఉందా, ఎప్పుడైనా ఆగస్టులో మధ్యాహ్నం వెళ్ళి చూశారా? 2025 నుంచి చిన్న తోటల్లో కూడా రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై గంటలు దాటితే ఓవర్‌టైం ఇవ్వాలి. దాన్ని తప్పించుకోవడానికి ఎనిమిది గంటలు కాగానే ఇంటికి పంపేస్తే, ఆ మనిషి సాయంత్రం ఇంకో తోటలో పనికి వెళ్తాడు, అంతే. ఒక సీజన్‌కు ఒక గుంపు, మరో సీజన్‌కు ఇంకో గుంపు వచ్చి పోయే తోటలో ఏ తీగ ఎక్కడ బలహీనంగా ఉందో ఎవరికీ తెలియదు. నేలను బాగుచేసే పని కళ్ళతో చూసి చేసే పని. ఆ చూసే కళ్ళు ఏటా మారిపోతుంటే చేయలేం. కత్తిరింపులు, విత్తడం, కంచె మార్చడం, గడ్డి తీయడం ఏడాది పొడవునా పరుచుకునేలా ప్లాన్ వేస్తే ఒక చిన్న బృందానికైనా పన్నెండు నెలల పని దొరుకుతుంది. హెచ్‌-2ఏ అనే తాత్కాలిక వ్యవసాయ పనుల వీసా మీద వచ్చిన కూలీ ఉద్యోగం పోతే ఎంత టెన్షన్ పడతాడో వీసాల మీద వచ్చిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నీళ్ళ విషయంలో పొరుగువాళ్ళను మరిచిపోవద్దు. పాసోలో పెద్ద తోటల లోతు బోర్ల మధ్య ఇళ్ళ బోర్లు ఎండిపోయి, 2013 ఆగస్టులో కౌంటీ అత్యవసర ఆర్డినెన్సు తెచ్చి కొత్త తోటలకు అడ్డుకట్ట వేసింది. మరుసటి ఏడాదే రాష్ట్రం భూగర్భజల చట్టం చేసింది. బాగా అడుగంటిన మనలాంటి భూగర్భజల బేసిన్లు (ఒకే నీటి నిల్వను పంచుకునే ప్రాంతాలు) 2040 నాటికి తోడే నీటిని, ఊరే నీటిని సమం చేయాలి. హైదరాబాద్ చుట్టూ శామీర్‌పేట, మేడ్చల్ వైపు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్ళు ఎలా ఉండేవో మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. వాటిని తినేసింది రియల్ ఎస్టేట్ ఒక్కటే కాదు, అడుగంటిన బోర్లు కూడా.

నష్టమొస్తోందని తోటను గాలికొదిలేయాలనుకునేవాళ్ళకు ఒక విన్నపం. వదిలేసిన తీగల్లో పిండినల్లి పెరిగి, ఆకుచుట్ట వైరస్‌ను పక్క తోటలకు మోస్తుంది. మీ ఒక్కరి తోటతో పోయేది కాదు. అమ్మండి, కౌలుకివ్వండి, లేదా తీగలు పీకించి నేల మీద ఏదో ఒక పచ్చటి పంట వేయండి. పీకిన తీగలను కుప్పేసి కాల్చకుండా ముక్కలు చేయించి నేలలో కలిపించండి.

సొంత లేబుల్ పెట్టి పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు వైన్ సీసాలు బహుమతిగా ఇస్తున్నవాళ్ళు తేలిక సీసాలు వాడండి. బరువైన సీసా అయితేనే ఖరీదుగా కనిపిస్తుందన్న మాట వదిలేయండి. కాలిఫోర్నియా వైన్ కర్బన లెక్కల్లో ఒక్క గాజు సీసా వాటానే 30 శాతం దగ్గర ఉంది.

పెద్ద సంస్థలు కూడా కదిలాయి. స్పెయిన్‌కు చెందిన టోరెస్ కుటుంబం, ఇక్కడి జాక్సన్ ఫ్యామిలీ వైన్స్ కలిసి 2019లో వాతావరణం కోసం వైనరీల కూటమి పెట్టాయి. నాపా తోటలకు, వైనరీలకు పర్యావరణ ధ్రువీకరణ ఇచ్చే నాపా గ్రీన్ తన సభ్యులు 2026 నాటికి రౌండప్ (గ్లైఫోసేట్ గడ్డి మందు) మానేయాలని నిబంధన పెట్టింది. వాళ్ళంత పెద్దవాళ్ళం కాకపోవడం మనకు మంచిదే. బోర్డు మీటింగు అక్కర్లేదు, వాటాదారుల అనుమతి అక్కర్లేదు. ముగ్గురు నలుగురు స్నేహితులు ఒక ఆదివారం కూర్చుంటే నిర్ణయం అయిపోతుంది.

ఆ ఆదివారం త్వరగా పెట్టుకోండి. కవర్ క్రాప్ విత్తనాలు అక్టోబరులో తొలి వానకు ముందే నేలలో పడాలంటే ఆర్డరు ఆగస్టులో వెళ్ళాలి. మంచి కాపరులను వేసవిలోనే వేరే తోటలవాళ్ళు మాట్లాడేసుకుంటారు. మొదట ఒక పది ఎకరాల బ్లాకు ఎంచుకోండి. అక్కడ గడ్డి మందు ఆపండి, మట్టి పరీక్ష ఇప్పుడే చేయించి ఫలితం దాచిపెట్టండి, మూడేళ్ళకు అదే చోట మళ్ళీ చేయించండి. మేనేజరుకు ఇవ్వాల్సిన కాగితం ఒక పేజీ దాటక్కర్లేదు: ఏ బ్లాకు, ఎంత డబ్బు, ఎన్నేళ్ళు, దిగుబడి తగ్గితే ఎవరు భరిస్తారు. దాన్ని అతనితో కలిసి చదవండి, సంతకం చేసి ఒక కాపీ అతని దగ్గర ఉంచండి. రాయడం కష్టమనిపిస్తే నాకు కబురు పెట్టండి, వచ్చి కూర్చుని రాసిపెడతాను. దానికి ఫీజు తీసుకోను.

ఇట్లు,
మీ తోటల్లో పనిచేసే ఒక తెలుగువాడు,
పాసో రోబుల్స్, కాలిఫోర్నియా